టెక్ సందేహాలు: రోడ్ సైకిల్‌కు డిస్క్ బ్రేకులు ఎంతవరకు అవసరం?

ఈ శీర్షికకు మామూలుగా ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల గురించే ఉత్తరాలు వస్తుంటాయి. వానలు మొదలయ్యాక మాత్రం సైకిల్ బ్రేకుల గురించి అడిగేవారు పెరిగారు. రోడ్ సైకిల్ కూడా ఇప్పుడు ఖరీదైన యంత్రమే కాబట్టి, విశాఖ పాఠకులు పంపిన ఆ ప్రశ్నలన్నింటికీ ఈ వారం ఒకేచోట సమాధానం ఇస్తున్నాను.

ప్రశ్న: వారానికి మూడు నాలుగు ఉదయాలు బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లి వస్తాను. అప్పుడప్పుడు మిత్రులతో అరకు కూడా వెళ్తుంటాను. కొత్త రోడ్ సైకిల్ కోసం వెళితే షాపులో ఒకే ధరకు రెండు చూపించారు. ఒకదానికి గేర్లు మంచివి, బ్రేకులు మాత్రం రిమ్ బ్రేకులు. రెండోదానికి గేర్లు ఒక మెట్టు తక్కువ, కానీ డిస్క్ బ్రేకులున్నాయి. ‘ఇప్పుడంతా డిస్కే సార్’ అంటున్నారు. ఏది తీసుకోమంటారు? (ఎంవీపీ కాలనీ)

జవాబు: రెండోదే తీసుకోండి. అయితే షాపువారు చెప్పిన కారణంతో కాదు, మీరు తిరిగే దారిని బట్టి చెబుతున్నాను. పైగా దీనికి ఒక షరతు ఉంది, అది చివర్లో చెబుతాను.

నిజానికి రిమ్ బ్రేకు కూడా ఒక రకం డిస్క్ బ్రేకే. అక్కడ చక్రం అంచే డిస్కు. ఆ అంచు ఇరుసుకు చాలా దూరంగా ఉంటుంది కనుక రబ్బరు ముక్కలు (ప్యాడ్లు) కొద్దిపాటి బలంతో నొక్కినా చక్రం ఆగుతుంది. డిస్క్ బ్రేకులో రోటర్ అనే లోహపు పళ్లెం 140 లేదా 160 మిల్లీమీటర్ల వ్యాసంతో ఇరుసు పక్కనే ఉంటుంది. అంటే చక్రాన్ని అంతే గట్టిగా ఆపడానికి ప్యాడ్లు దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ బలంతో నొక్కాలి. ఆ బలాన్ని చేతి వేళ్లకు శ్రమ లేకుండా పుట్టించడానికే ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ అమరిక వచ్చింది. కాబట్టి పొడి రోడ్డు మీద, మంచి ప్యాడ్లున్న అల్యూమినియం రిమ్‌తో పోల్చి డిస్కు సైకిల్‌ను సగం దూరంలోనే ఆపేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. పొడి రోడ్డు మీద హద్దు గీసేది బ్రేకు కాదు. ముందు బ్రేకు మరీ గట్టిగా పట్టినప్పుడు వెనక చక్రం గాల్లోకి లేస్తుంది, లేదంటే టైరు జారుతుంది. ఆ హద్దు రెండు రకాల బ్రేకులకూ ఒకటే.

తేడా తెలిసేది తడిలో. వాన పడుతున్నప్పుడు రిమ్ నేలకు దగ్గరగా తిరుగుతూ టైరు చిమ్మే నీటిలోనూ, ఇసుక కలిసిన బురదలోనూ తడుస్తూనే ఉంటుంది. లీవర్ నొక్కాక రబ్బరు ముందుగా ఆ నీటి పొరను తుడవాలి, ఆ తరువాతే పట్టు దొరుకుతుంది. ఈ లోపల సైకిల్ కొన్ని గజాలు ముందుకు పోతుంది. రోటర్ నేలకు ఎత్తులో ఉంటుంది, దాని మీద నీరు తక్కువ నిలుస్తుంది, ప్యాడ్ల ఒత్తిడి కూడా ఎక్కువ. అందుకే తడిసినా పట్టు దాదాపు వెంటనే దొరుకుతుంది. ఎంత నొక్కితే ఎంత ఆగుతుందో వేలికి తెలుస్తుంది. జూన్ నుంచి నవంబరు దాకా ఏదో ఒక వాన, అల్పపీడనం ఉండే ఊరికి ఇది చిన్న లాభం కాదు.

రెండో సంగతి వేడి. సైకిల్, మనిషి కలిపి 90 కిలోలనుకుందాం. 250 మీటర్ల ఎత్తు నుంచి వేగం పెరగకుండా దిగితే దాదాపు 220 కిలోజూళ్ల శక్తిని ఎక్కడో ఒకచోట ఖర్చు చేయాలి. అందులో కొంత గాలికి పోతుంది. మొత్తం బ్రేకు మీదే పడితే మాత్రం కుండలోని ముప్పావు లీటరు నీటిని మరిగించగల వేడి అది. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉన్న అరకు నుంచి అనంతగిరి ఘాట్ మీదుగా కిందికి వచ్చేవారి లెక్క ఇంకా పెద్దది. రిమ్ బ్రేకు ఆ వేడిని నేరుగా టైరు, ట్యూబు కూర్చున్న చోటికే పంపుతుంది. కార్బన్ రిమ్ అయితే పొరలను పట్టి ఉంచే రెసిన్ మెత్తబడే ప్రమాదమూ ఉంది. డిస్కు ఆ వేడిని ట్యూబుకు దూరంగా ఉంచుతుంది. అయినా ఘాట్‌లో లీవర్‌ను అదే పనిగా పట్టుకుని దిగడం ఏ బ్రేకుకూ మంచిది కాదు. మలుపుకు ముందు గట్టిగా నొక్కి వదిలేయాలి, మలుపుకూ మలుపుకూ మధ్య లోహాన్ని చల్లారనివ్వాలి.

మూడోది టైరు. నా ఉద్దేశంలో, అమ్మకాల ప్రచారంలో తక్కువగా వినిపించే ఈ లాభమే అన్నింటికన్నా ఎక్కువగా అక్కరకు వస్తుంది. రిమ్ బ్రేకు కాలిపర్ (ప్యాడ్లను పట్టి నొక్కే భాగం) టైరు మీదుగా వంతెనలా ఉండటం వల్ల పాత రోడ్ సైకిళ్లలో 25, మహా అయితే 28 మిల్లీమీటర్ల టైరే పడుతుంది. డిస్కులో ఆ అడ్డు లేదు. చాలా ఫ్రేముల్లో 32 దాకా పెట్టుకోవచ్చు. వెడల్పు టైరులో గాలి ఒత్తిడి తగ్గించి నడపవచ్చు. గతుకుల మీద చేతులకు హాయిగా ఉంటుంది, రుషికొండ దాటాక రోడ్డు మీదికి కొట్టుకొచ్చిన ఇసుక మీద పట్టూ మెరుగ్గా ఉంటుంది.

షాపువారి మాటలోనూ కొంత నిజముంది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ రోడ్ రేసుల్లో డిస్కులను 2015లో ప్రయోగాత్మకంగా అనుమతించి, మధ్యలో కొంతకాలం ఆపి, 2018 జూలైలో పూర్తిగా ఒప్పుకుంది. రేసర్లు చాలాకాలం మొగ్గు చూపలేదు. బరువు నాలుగైదు వందల గ్రాములు పెరుగుతుంది, పంక్చరైనప్పుడు చక్రం మార్చడం ఆలస్యమవుతుంది. 2020 టూర్ డి ఫ్రాన్స్ రేసును స్లొవేనియా రేసర్ పొగాచర్ రిమ్ బ్రేకుల సైకిల్ మీదే గెలిచాడు. తయారీదారులు మాత్రం వారికోసం ఆగలేదు. స్పెషలైజ్డ్ కంపెనీ అదే ఏడాది తన రేసు సైకిల్ టార్మాక్ ఎస్ఎల్7ను డిస్కుతోనే తెచ్చింది. విడిభాగాల కంపెనీ షిమానో 2022లో తెచ్చిన 105 డీఐ2 ఎలక్ట్రానిక్ గేర్ల సెట్ కూడా డిస్కుకే పరిమితం. దీనివల్ల మీకు కలిగే నష్టమో లాభమో ఒకటే. మంచి రిమ్ బ్రేకు ఫ్రేములు, చక్రాలు ఇకమీదట వెతుక్కోవలసిన సరుకుగా మారతాయి.

ఇక షరతు. ‘డిస్క్’ అన్న స్టిక్కర్ చూసి డబ్బు కట్టవద్దు. చక్రం దగ్గర వంగి కాలిపర్‌ను చూడండి. సన్నటి ఉక్కు తీగ బయటికి వచ్చి చిన్న చేతిని లాగుతూ కనిపిస్తే అది మెకానికల్ డిస్కు. తీగ ఎక్కడా కనబడకుండా లావుపాటి గొట్టం నేరుగా కాలిపర్‌లోకి దిగితే అది హైడ్రాలిక్. మెకానికల్‌లోనూ రెండు రకాలున్నాయి. చౌక రకంలో ఒకవైపు ప్యాడే కదులుతుంది. అది రోటర్‌ను వంచి ఎదుటి ప్యాడ్‌కు ఆనిస్తుంది. ప్యాడ్లు అరిగిన కొద్దీ స్క్రూ తిప్పి సరిచేయకపోతే లీవర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. రెండు ప్యాడ్లూ కదిలే రకం దీనికన్నా చాలా నయం. మీకు చూపించిన సైకిల్‌కు హైడ్రాలిక్ ఉంటే గేర్ల విషయంలో ఒక మెట్టు తగ్గినా ఫరవాలేదు. ఒకవైపే కదిలే మెకానికల్ అయితే మొదటి సైకిలే తీసుకుని, మిగిలిన శ్రద్ధ మంచి ప్యాడ్ల మీద పెట్టండి.

ప్రశ్న: గుంపుగా వెళ్తున్నప్పుడు పడిపోతే ఎదుటివారి రోటర్ కత్తిలా కోస్తుందని మా బృందంలో ఒకరు భయపెడుతున్నారు. (సీతమ్మధార)

జవాబు: ఆ భయానికి మూలం 2016 ఏప్రిల్‌లో జరిగిన పారిస్-రూబే రేసు. అందులో ఫ్రాన్ వెంటోసో అనే స్పెయిన్ రేసర్ తన కాలికైన లోతైన గాయం రోటర్ వల్లేనని చెప్పడంతో యూసీఐ డిస్కుల ప్రయోగాన్ని నిలిపివేసింది. గాయం నిజంగా రోటర్ వల్లే అయిందా అన్నది తరువాత వాదోపవాదాలకు దారితీసింది. ఏమైనా 2017లో ప్రయోగం మళ్లీ మొదలైనప్పుడు రోటర్ అంచులు గుండ్రంగా ఉండాలన్నారు. ఇప్పుడు పేరున్న కంపెనీల రోటర్లు అలాగే వస్తున్నాయి. గుంపులో పడినప్పుడు పెడళ్ల దగ్గరున్న పళ్ల చక్రం అంతకన్నా ప్రమాదకరం, దాని గురించి ఎవరూ భయపెట్టరు. ఘాట్ దిగిన వెంటనే రోటర్‌ను వేలితో ముట్టుకోవద్దు. కాలడం మాత్రం ఖాయం.

ప్రశ్న: నాది కొన్నేళ్ల కిందటి అల్యూమినియం రోడ్ సైకిల్, రిమ్ బ్రేకులు. దీనికే డిస్కులు బిగించవచ్చా? (గాజువాక)

జవాబు: బిగించకూడదు. ఎవరైనా క్లాంపులతో అమర్చి ఇస్తామన్నా ఒప్పుకోకండి. డిస్కుకు కాలిపర్ కూర్చునే చోటు ఫ్రేములోనూ, ముందు చక్రాన్ని పట్టే ఫోర్కులోనూ పుట్టుకతోనే ఉండాలి. బ్రేకు వేసినప్పుడు బలమంతా ఫోర్కు ఎడమ కాలు కింది భాగం మీద పడుతుంది, మీ ఫోర్కును అందుకోసం తయారుచేయలేదు. హబ్బులకు (చక్రాల నడిమి భాగాలకు) రోటర్ బిగించే ఏర్పాటు లేదు. రిమ్ బ్రేకు రోడ్ సైకిల్ వెనక హబ్బు వెడల్పు 130 మిల్లీమీటర్లయితే, డిస్కు సైకిళ్లలో అది 135 లేదా 142. ఇరుసు నుంచి రిమ్ దాకా తిన్నగా వేసిన స్పోకులు కూడా పనికిరావు. బ్రేకు మెలిక హబ్బు దగ్గరే మొదలవుతుంది కనుక స్పోకులు ఒకదానినొకటి దాటుతూ ఉండాలి. ఇవన్నీ మార్చితే మీ పాత సైకిల్‌లో మిగిలేది సీటు, హ్యాండిల్ మాత్రమే.

అంతకన్నా తక్కువ ఖర్చుతో మీ బ్రేకులను చాలా మెరుగుపరచుకోవచ్చు. పాత ప్యాడ్లను విప్పి వెలుతురులో చూడండి. నల్లటి రబ్బరులో అక్కడక్కడ వెండి చుక్కల్లా మెరుస్తూ కనిపించేవి రిమ్ నుంచి ఊడి గుచ్చుకున్న అల్యూమినియం రవ్వలు. ‘కరకర’మనే శబ్దం వాటిదే, రిమ్‌ను తినేసేవీ అవే. సూదితో వాటిని ఏరేయండి. రబ్బరు గట్టిపడి ఉంటే తడికి సరిపడే మెత్తని రకం ప్యాడ్లు వేయించండి. గాజువాక వైపు దుమ్ము, దానికి తోడు సముద్రపు ఉప్పు గాలి కనుక లోపలి తీగ తుప్పు పట్టి లీవర్ బిగుసుకుపోవడం సాధారణం. తీగను, పై గొట్టాన్ని కలిపి మార్పించండి, స్టెయిన్‌లెస్ తీగే అడగండి. రిమ్ పక్క గోడలో సన్నటి గాడి గానీ చిన్న గుంట గానీ ఉంటుంది. అది అరుగుదల గుర్తు. అది కనబడకుండా పోయిందంటే, లేదా వేలితో తడిమితే గోడ లోపలికి గిన్నెలా వంగినట్టు తగిలితే, ఆ చక్రాన్ని ఇంక వాడకూడదు. అరిగిన గోడ టైరులోని గాలి ఒత్తిడికి విచ్చుకుపోతుంది.

ప్రశ్న: డిస్క్ బ్రేకుల సైకిల్ కొన్నాను. సర్వీసింగ్‌కు ఇచ్చి తెచ్చిన దగ్గరి నుంచి బ్రేకు వేస్తే కీచుమని అరుస్తోంది, పట్టు కూడా సగానికి తగ్గింది. ఇంకొకటి, కారులో పెట్టుకుని వెళ్లి చక్రం బిగించబోతే రోటర్ ప్యాడ్ల మధ్యకు దూరడం లేదు. (మధురవాడ)

జవాబు: మొదటిది నూనె మరక. మన దగ్గర చాలా సర్వీసింగ్ షెడ్లలో మోటారు సైకిల్‌కు చేసినట్టే చైను మీద డీజిలో కిరోసినో కొట్టి, ఆపైన నూనె స్ప్రే చేస్తారు. ఆ తుంపర వెనక రోటర్ మీద పడుతుంది, ప్యాడ్లు దాన్ని పీల్చుకుంటాయి. రోటర్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, శుభ్రమైన గుడ్డతో తుడవండి. ఇంట్లో ఉన్న చేతుల శానిటైజర్ వాడవద్దు, వాటిలో చాలావరకు గ్లిజరిన్ ఉంటుంది, జిడ్డు ఇంకా పెరుగుతుంది. ప్యాడ్లను విప్పి పైపొరను గరుకు కాగితంతో కొద్దిగా రుద్ది చూడవచ్చు. కానీ నూనె లోపలికి దిగితే కొత్తవి వేయడం తప్ప మార్గం లేదు. కొత్త ప్యాడ్లు వేశాక ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు వేగం అందుకుని, చక్రం జారకుండా దాదాపు ఆగేంత వరకు బ్రేకు వేసి వదలడం ఇరవై సార్ల వరకు చేయండి. ప్యాడ్ పదార్థం రోటర్ మీద పలచని పొరగా పరుచుకుంటేనే అసలు పట్టు వస్తుంది. కొత్త సైకిల్‌కూ ఇదే వర్తిస్తుంది, అమ్మేటప్పుడు ఈ మాట చెప్పే షాపులు తక్కువ. ఇకమీదట చైనుకు నూనెను స్ప్రేతో కాకుండా చుక్కలుగా వేయించండి.

రెండోది చక్రం తీసి ఉన్నప్పుడు ఎవరో లీవర్ నొక్కడం వల్ల జరిగింది. మధ్యలో రోటర్ లేదు కనుక పిస్టన్లు ముందుకు వచ్చి ప్యాడ్లు దగ్గరకు చేరాయి. చదునైన ప్లాస్టిక్ పట్టీని మధ్యలో ఉంచి, నెమ్మదిగా అటూ ఇటూ తోస్తే అవి వెనక్కి పోతాయి. స్క్రూడ్రైవర్ మొనతో తోస్తే ప్యాడ్ పగలవచ్చు. సైకిల్‌తో వచ్చిన చిన్న ప్లాస్టిక్ ముక్కను చాలామంది పారేస్తారు. ప్రయాణంలో రోటర్ స్థానంలో పెట్టవలసింది దాన్నే. వానలోనో ఉప్పు గాలిలోనో తిరిగి వచ్చాక మంచినీళ్లు మెల్లగా పోసి కడిగి ఆరబెట్టండి, రోటర్ బోల్టులకు తుప్పు పట్టకుండా ఉంటుంది. ప్యాడ్ మందం అర మిల్లీమీటరుకు దిగితే మార్చాలి. షిమానో రోటర్ కొత్తగా 1.8 మిల్లీమీటర్లుంటుంది, 1.5కు వస్తే దాన్నీ మార్చాలి.

ప్రశ్న: హైడ్రాలిక్ బ్రేకులో ఆయిల్ తగ్గినట్టుంది. మోటారు సైకిల్ బ్రేక్ ఆయిల్ పోయవచ్చా? (అక్కయ్యపాలెం)

జవాబు: మీ సైకిల్‌కు షిమానో బ్రేకులైతే పోయకూడదు. వాటిలో ఉండేది మినరల్ ఆయిల్. మోటారు సైకిళ్లలో పోసేది సీసా మీద ‘DOT’ అని రాసి ఉండే డాట్ రకం బ్రేక్ ద్రవం. ఒకదాని బదులు మరొకటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పాడై, లీవర్, కాలిపర్ రెండూ మార్చవలసి రావచ్చు. శ్రామ్ అనే మరో కంపెనీ రోడ్ బ్రేకుల్లో చాలావరకు డాట్ వాడతారు. ఏది పోయాలో లీవర్ దగ్గరి మూత మీద గానీ కాలిపర్ మీద గానీ రాసి ఉంటుంది, చదివాకే సీసా కొనండి. డాట్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన ఊరి ఉక్కపోతలో సగం వాడి పెట్టిన పాత సీసా తరువాతి ఏడాదికి పనికిరాదు. ఇంకో మాట, ప్యాడ్లు అరిగిన కొద్దీ ఆయిల్ మట్టం కొంత దిగడం మామూలే. ముందు ప్యాడ్లు చూసి, అవి బాగానే ఉన్నా లీవర్ మెత్తగా హ్యాండిల్ దాకా వెళ్తుంటేనే బ్లీడింగ్ (గొట్టంలోని గాలి బుడగలు తీసి ఆయిల్ నింపడం) చేయించండి.