షవర్‌లో నీళ్లు సన్నగా వస్తున్నాయా? ముందు ఒత్తిడి కొలిచే గేజీ కొనండి

తమ్ముడూ, ప్లంబర్ గుమ్మం తొక్కగానే బిల్లు మొదలవుతుంది. ఇంటి అప్పు నెత్తిమీద ఉన్నప్పుడు ఆ ఖర్చు తొందరపడి పెట్టుకోకు.

అమెరికాకు కొత్తగా వచ్చినవాళ్లు తప్పటడుగు వేసేది ఒక్కచోటే. నేనూ అక్కడే పొరబడ్డాను. మన ఊళ్లో డాబామీద ట్యాంకు 20 అడుగుల ఎత్తునున్నా కిందికి వచ్చే ఒత్తిడి 9 పీఎస్‌ఐ (నీటి ఒత్తిడి కొలత) దాటదు. అందుకే ధార తగ్గితే మోటారే గుర్తొస్తుంది, బూస్టర్ పంపు కొనేద్దామనిపిస్తుంది. అమెరికాలో ఇళ్లకు మామూలుగా 40 నుంచి 80 పీఎస్‌ఐ ఉంటుంది. కాబట్టి ఇక్కడ ముందు వెతకాల్సింది నీళ్లకు అడ్డు ఎక్కడుందని.

ఒక్క కుళాయికే ఇబ్బందైతే దాని మూతి దగ్గరి జల్లెడ, ఏరేటర్, విప్పు. సున్నపు పెచ్చులు, ఇసుక కనిపిస్తాయి. తెల్ల వెనిగర్‌లో గంట నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దు. జల్లెడలు ఏ వరసలో ఊడాయో ఫోన్‌లో ఫొటో తీసుకో. వేడినీళ్లే తగ్గితే హీటర్ మీది వాల్వు పూర్తిగా తెరిచి ఉందో లేదో చూడు.

ఇల్లంతా అలాగే ఉంటే పది పదిహేను డాలర్ల ప్రెషర్ గేజీ తెచ్చి, బయట తోటపైపు కుళాయికి బిగించు. లోపల అన్నీ కట్టేసి ఒకసారి చూడు, తర్వాత స్నానాలగది కుళాయి తెరిచి మళ్లీ చూడు. కట్టేసినప్పుడు 60 ఉండి, తెరవగానే 25కి పడిపోతే దారిలో ఏదో మూసుకుపోతోంది: సగం తిరిగిన మెయిన్ వాల్వు, నీటిలో సున్నం తగ్గించే సాఫ్ట్‌నర్, లేదా వీధి ఒత్తిడిని ఇంటికి తగ్గించి ఇచ్చే ప్రెషర్ రెగ్యులేటర్. సాఫ్ట్‌నర్‌ని బైపాస్‌లో పెట్టి, అంటే నీళ్లు దానిలోకి పోకుండా పక్కనుంచి వెళ్లేలా చేసి, చూస్తే దాని సంగతి తేలిపోతుంది. కట్టేసినప్పుడే 35 ఉంటే రెగ్యులేటర్ సెట్టింగు చూడాలి. అది మెయిన్ వాల్వు పక్కన ఉండే గంట ఆకారపు ఇత్తడి ముక్క. లాక్‌నట్ వదులు చేసి స్క్రూను కుడివైపు పావు చుట్టు తిప్పు, కుళాయి ఒకసారి తెరిచి కట్టి గేజీ చూడు. 60 దగ్గర ఆపెయ్. 80 దాటితే ప్లంబింగ్ కోడ్ (నిబంధనలు) ఒప్పుకోదు, వాషింగ్ మెషీన్ గొట్టాలు పగలొచ్చు. తిప్పినా ముల్లు కదలకపోతే రెగ్యులేటర్ పని అయిపోయినట్టే, అప్పుడు ప్లంబర్‌కి డబ్బు దండగ కాదు.

ఒక మెలిక ఉంది. కొన్ని ఇళ్లలో తోట కుళాయికి రెగ్యులేటర్ కంటే ముందే లైను వెళ్తుంది. అక్కడ గేజీ చూపేది వీధి ఒత్తిడి. వాషింగ్ మెషీన్ చన్నీళ్ల కుళాయికీ గేజీ బిగించే మరచుట్టు అదే సైజు, అక్కడ కూడా కొలిచి చూడు.

అద్దె ఇల్లైతే వీటి జోలికి పోకు. ఏరేటర్ కడుక్కుని, మిగతాది ఓనర్‌కి మెయిల్ రాయి. ఆ ఖర్చు ఆయనది.