సిగరెట్ మానేస్తే దగ్గు ఎక్కువైంది, మళ్ళీ తాగితే తగ్గుతుంది, ఎందుకిట్ల?

మీరు రాసింది మొత్తం చదివిన. మిర్యాలగూడ రైస్ మిల్లులో పనిచేసే మీ నాయిన వయసులో ఉన్నప్పటి నుంచి సిగరెట్లు తాగుతడు, ఈ మధ్య దమ్ము వస్తుందని మీరు బతిమాలి మాన్పిస్తే కొన్నిరోజులకే దగ్గు, తెమడ ఎక్కువైనయి, "చూసినవా, తాగితేనే నాకు మంచిగుంటది" అని మళ్ళీ మొదలుపెట్టిండు, ఎక్స్‌రే నార్మల్ అన్నరు కాబట్టి మీరు కూడా గట్టిగ ఏమనలేకపోతున్నరు. ముందుగాల ఒక్క మాట, ఆ దగ్గు చూసి భయపడి మళ్ళీ తాగనియ్యకండి. చాలామందిలో మానిన కొత్తల వచ్చే దగ్గు లోపల శుభ్రం చేసుకునే పని మళ్ళీ మొదలైనందుకే వస్తది.

గాలి గొట్టాల లోపలి పొర మీద కంటికి కనపడని సన్నటి వెంట్రుకలుంటయి, సీలియా అంటరు. అవి ఆగకుండ కదులుతా దుమ్మును, తెమడను పైకి గొంతు దాక తోసేస్తుంటయి. సిగరెట్ పొగ వాటిని పడుకోబెడ్తది, ఏండ్లకేండ్లు తాగితే పొట్టిగైతయి, చాలా జాగల లేకుండనే పోతయి, ఇంకోదిక్కు తెమడ తయారుచేసే కణాలు పెరుగుతయి. అంటే చెత్త ఎక్కువైంది, తోసేసేది తక్కువైంది. మానేసినంక కొన్ని రోజులల్ల, వారాలల్ల సీలియా మళ్ళీ కదులుడు మొదలుపెడ్తయి, పేరుకున్నదంత పైకొస్తది, అదే దగ్గు. మళ్ళీ సిగరెట్ ముట్టిచ్చిన్రనుకోండి, అవి మళ్ళీ పడిపోతయి, దగ్గు తగ్గినట్టే ఉంటది కానీ తెమడ లోపల్నే ఉంటది.

నాకైతే దగ్గు కన్న మీరు రాసిన ఆ దమ్ము గురించే భయం. ఊపిరితిత్తుల చివర్ల 30 కోట్లకు పైన చిన్న చిన్న గాలి తిత్తులుంటయి, వాటి గోడల నుంచే ఆక్సిజన్ రక్తంలకు పోతది. పొగ లోపలికి పోయినప్పుడల్ల దాన్ని ఎదుర్కోనీకి తెల్ల రక్తకణాలు వచ్చి ఎలాస్టేస్ అనే ఎంజైమ్ వదుల్తయి, అది ఆ గోడలకు సాగే గుణం ఇచ్చే ఎలాస్టిన్‌నే తినేస్తది. మామూలుగైతే దాన్ని ఆపనీకి లివర్ల తయారయ్యే ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రొటీన్ ఉంటది, పొగ దాన్ని కూడ పనిచెయ్యకుండ చేస్తది. అట్ల చిన్న చిన్న అర్రల మధ్య గోడలు కూలి ఒకటే పెద్ద అర్ర అయినట్టు తిత్తులు కలిసిపోతయి, గాలి పట్టే జాగ ఉంటది కానీ ఆక్సిజన్ పోయే గోడ ఉండది. ఇది ఎంఫిసెమా. తెమడ, వాపుతో గొట్టాలు ఇరుకైతయి. ఈ మొత్తాన్ని కలిపి సీఓపీడీ అంటరు. కూలిన గోడ మళ్ళీ లేవది, దానికి మందు లేదు.

మా నాయినకు ఇదే. దేవరకొండ దిక్కు మాకు బత్తాయి తోట ఉండె, ఆయన బీడీలు తాగేటోడు, "బీడీల పొగాకు ఎంతుంటది, ఏం కాదు" అని ఊర్ల అందరు అనేటోళ్ళు. పొగాకు తక్కువే, కానీ తునికాకుల నుంచి గాలి దూరది, ఆరిపోకుండ ఉండాలంటే మాటిమాటికి గట్టిగ గుంజాలె, అందుకే తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్ కన్న ఎక్కువే లోపలికి పోవచ్చు. చివరికి చెప్పులేసుకోనీకి వంగితే దమ్ము వచ్చేది. రాత్రి మంచం మీద కూసొని రెండు చేతులు మోకాళ్ళ మీద ఆనిచ్చి, పెదాలు ముడిచి మెల్లగ గాలి వదిలేటోడు. లోపలికి పీల్చుడు కన్న బయటికి వదులుడే కష్టం ఈ జబ్బుల, గొట్టాలు మూసుకపోయి పాత గాలి లోపల్నే ఆగిపోతది, కొత్త గాలికి జాగ ఉండది.

ఎక్స్‌రే నార్మల్ అంటే ఏం లేదని కాదు, మొదట్ల సీఓపీడీ ఎక్స్‌రేల కనపడకపోవచ్చు. స్పైరోమెట్రీ చేయించండి. ముక్కుకు క్లిప్ పెట్టి గొట్టంల ఊదిస్తరు, టెక్నీషియన్ పక్కన నిలబడి "ఊదు ఊదు ఊదు, ఇంకా ఊదు" అని అరుస్తనే ఉంటరు, మా నాయిన ముఖం ఎర్రగైంది కానీ గాలి రాలే. మందు పీల్పిచ్చినంక చేసిన టెస్టుల మొత్తం ఊదిన గాలిల మొదటి సెకండ్లనే 70 శాతం రాకపోతే గొట్టాలు ఇరుకైనట్టు. దాంతోపాటు దగ్గు రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష కూడ చేయించండి, పొగ తాగేటోళ్ళకు టీబీ ముప్పు ఎక్కువ, సర్కారు దవాఖానల ఫ్రీనే. తెమడల రక్తం పడితే, బరువు తగ్గుతుంటే అసలు ఆగొద్దు.

"ఇన్నేండ్లు తాగినంక ఇప్పుడు మానేస్తే ఏం లాభం" అంటడు మీ నాయిన, అందరు అనేదే. 1977ల ఫ్లెచర్, పీటో అనే ఇద్దరు పరిశోధకులు, లండన్ల పనిచేసే మగవాళ్ళను ఎనిమిదేండ్లు గమనించి రాసింది ఏందంటే, ఊపిరితిత్తులకు పోయిన శక్తి పెద్దగ తిరిగిరాదు కానీ మానిన కాడి నుంచి అరిగిపోయే వేగం తాగనోళ్ళ లెక్కనే నెమ్మదిస్తది. అంటే ఈరోజు మానేస్తే ఇప్పుడు నడవగలిగేది ఇంకా చాలా ఏండ్లు నడుస్తడు. ఇది ఆయనకు కూసోబెట్టి చెప్పండి, కొట్లాడి కాదు.

ఒట్టి చేతులతోటి మానుమంటే కష్టం, నికోటిన్ గమ్ గురించి డాక్టర్‌ను అడగండి, 1800-11-2356 క్విట్‌లైన్‌కు ఫోన్ చేస్తే పైసలు పడవు. ఇన్‌హేలర్ రాస్తే అలవాటైతదని ఎవరో అంటరు, వినకండి, మందు నేరుగ గొట్టాలకు పోతది కాబట్టే అది ఇస్తరు. మిల్లుల ఊక దుమ్ము కూడ ఊపిరితిత్తులకు చేటే, వేరే పని అడిగి చూడండి, కాకుంటే మంచి మాస్క్ అయినా పెట్టిచ్చండి. టెస్ట్ రిపోర్టు వచ్చినంక ఆ శాతం ఎంతుందో ఇక్కడ రాయండి, చూసి చెప్త.