ఎకనామిక్స్ మేజర్‌కి పొలిటికల్ సైన్స్ మైనర్: గుణుపూర్ తమ్ముడికి

అడిగింది ఇదీ: ఇల్లు ఒడిశాలోని గుణుపూర్, ఇంట్లో తెలుగు, పదో తరగతి దాకా ఒడియా మీడియం, ఇప్పుడు డిగ్రీలో ఎకనామిక్స్ మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు. రెండో సెమిస్టర్ అయ్యేలోగా మైనర్, అంటే పక్కన చదివే రెండో సబ్జెక్టు, ఏదో రాసివ్వాలి. పొలిటికల్ సైన్సా, హిస్టరీయా?

పొలిటికల్ సైన్సే తీసుకో తమ్ముడూ. కానీ "పాలిటీ (రాజ్యాంగం, ప్రభుత్వ వ్యవస్థ) ఎలాగూ పోటీ పరీక్షలకి చదవాలి కదా, ఒక దెబ్బకి రెండూ అయిపోతాయి" అన్న లెక్కతో మాత్రం తీసుకోకు. ఆ లెక్క తప్పుతుంది.

యూనివర్సిటీలకి నియమాలు పెట్టే యూజీసీ 2022 డిసెంబర్‌లో ఇచ్చిన విధానం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు. అందులో మేజర్‌కి కనీసం 60, మైనర్‌కి 24. పేపర్‌కి నాలుగు క్రెడిట్ల చొప్పున ఆరు పేపర్లు. క్రెడిట్‌కి 15 గంటల పాఠం, అంటే మొత్తం 360 గంటలు. ఈ ఆరింటిలో నేరుగా రాజ్యాంగం మీద ఉండేవి మామూలుగా ఒకటో రెండో. మిగతావి సిద్ధాంతం, తులనాత్మక రాజకీయాలు, అంతర్జాతీయ సంబంధాలు, ప్రభుత్వ పాలన. అందుకని సంతకం పెట్టకముందే డిపార్ట్‌మెంట్‌కి వెళ్లి ఆరు పేపర్ల పేర్లూ, ఏది ఏ సెమిస్టర్‌లో వస్తుందో రాసుకో. మైనర్ క్లాసు మీ స్టాటిస్టిక్స్ క్లాసు టైములోనే పడుతోందేమో చూసుకో. పోయిన ఏడాది ఆ మైనర్‌లో ఎంతమంది చేరారో కూడా అడుగు. మంది తక్కువైతే మధ్యలో వేరే సబ్జెక్టుకి సర్దేసే కాలేజీలున్నాయి.

నీలాంటివాళ్లకి అసలు చిక్కు భాష దగ్గర వస్తుంది. దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. క్లాసులో ఒడియా, పుస్తకం ఇంగ్లీషు, శ్రీకాకుళం నుంచి తెచ్చుకున్న గైడు తెలుగు. మూడింటిలోనూ మాటలు ఒకేలా వినిపిస్తాయి, అర్థాలు మాత్రం వేరు. తెలుగులో గణతంత్రం అంటే రిపబ్లిక్. ఒడియాలో గణతంత్ర అంటే డెమోక్రసీ, రిపబ్లిక్‌ని సాధారణతంత్ర అంటారు. రాజ్యం, రాష్ట్రం అయితే పూర్తిగా తారుమారు. ప్రజలు, ప్రదేశం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం, ఈ నాలుగూ ఉన్నదాన్ని తెలుగు పుస్తకం రాజ్యం అంటుంది, ఒడియా పుస్తకం రాష్ట్ర అంటుంది. ఒడిశా, ఆంధ్ర లాంటివి మనకి రాష్ట్రాలు, వాళ్లకి రాజ్యాలు. ఈ తేడా పట్టించుకోకుండా చదివితే ఒడిశాకి సార్వభౌమాధికారం ఉందని జవాబు రాసి వస్తావు. మొదటి నెలలోనే ఒక నోటుబుక్కులో మూడు గళ్లు గీసి, ఒక్కో మాటకి ఇంగ్లీషు, ఒడియా, తెలుగు పక్కపక్కన రాసుకో. రెండు వందల మాటలు పోగైతే చాలు, ఆరు పేపర్లకీ సరిపోతుంది. పరీక్ష ఏ భాషలో రాస్తావో ఇప్పుడే తేల్చుకుని చివరిదాకా అందులోనే ఉండు.

ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది సిద్ధాంతం పేపర్లో. నిర్వచనాలు బట్టీపట్టి "ఫలానా ఆయన ఇలా అన్నాడు" అని నాలుగు రాసి ఊరుకుంటారు. ప్రశ్న అడిగేది మాత్రం స్వేచ్ఛ, సమానత్వం ఒకదానికొకటి అడ్డొస్తాయా అని. రెండు వైపుల వాదనా పెట్టి, నువ్వు ఎటు మొగ్గుతావో, ఎందుకో చెప్పాలి. ఎకనామిక్స్ చదివినవాడికి ఇక్కడ మంచి ఊతం ఉంది. సంపద ఎవరికెంత చెందాలన్న పంపిణీ న్యాయం గురించి అమెరికన్ తత్వవేత్త జాన్ రాల్స్ చెప్పింది, మీ వెల్ఫేర్ ఎకనామిక్స్‌లో వచ్చేది దగ్గరి చుట్టాలు. హిస్టరీ కంటే ఇది నీకు నప్పుతుందని అంటున్నది అందుకే.

ఇంకో సంగతి. ఈ సబ్జెక్టు పాఠాలు నీ ఊరి చుట్టూనే ఉన్నాయి. సరిహద్దులో ఒడిశా, ఆంధ్ర రెండూ మావేననే కొఠియా ఊళ్ల తగాదా మీద ఒడిశా 1968లో సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2006లో కోర్టు అది తాను తేల్చేది కాదు, పార్లమెంటు చూసుకోవాలంది. మీ గుణుపూర్ పక్కనే పారే వంశధార నీళ్ల గొడవ మాత్రం ట్రిబ్యునల్‌కి, అంటే ఆ తగాదా కోసమే వేసిన ప్రత్యేక న్యాయమండలికి వెళ్లింది. అది 2010లో ఏర్పడి 2017లో తీర్పిచ్చింది. రెండూ అవే రెండు రాష్ట్రాల మధ్య గొడవలు, మరి దారులు ఎందుకు వేరయ్యాయి? రాష్ట్రాల తగాదాలు సుప్రీంకోర్టుకి వెళ్లే 131వ అధికరణ, నదీజలాల తగాదాల గురించిన 262వ అధికరణ, 1956 నాటి నదీజలాల చట్టం, సరిహద్దులు మార్చే 3వ అధికరణ పక్కపక్కన పెట్టుకుని చదువు, ఫెడరలిజం (కేంద్రం, రాష్ట్రాల మధ్య అధికారాల పంపకం) పేపర్ సగం అక్కడే అర్థమవుతుంది. నియమగిరి కొండల మీద 2013లో పన్నెండు గ్రామసభలు బాక్సైట్ గని వద్దన్న సంగతి తీసుకుంటే, గిరిజన ప్రాంతాల పాలన గురించిన ఐదో షెడ్యూలు, అక్కడి గ్రామసభలకి అధికారాలిచ్చే పెసా చట్టం కూడా వచ్చేస్తాయి. ఇంటర్న్‌షిప్‌కో, ప్రాజెక్టుకో ఇంతకంటే మంచి విషయం దొరకదు.

పరీక్షల మాటకొస్తే, యూపీఎస్సీ సివిల్స్ మెయిన్స్‌లో మనం ఎంచుకునే ఆప్షనల్ సబ్జెక్టుకి మైనర్ ఉండాలనేం లేదు. 500 మార్కుల పొలిటికల్ సైన్స్ ఆప్షనల్‌ని ఎవరైనా తీసుకోవచ్చు. మైనర్ వల్ల వచ్చేది పునాది, అంతే. ఆంధ్రా గ్రూప్-1 మెయిన్స్‌లో ఆప్షనలే లేదు. అటు ఉద్యోగాలకైతే లోకల్, నాన్‌లోకల్ లెక్క ఎక్కడ చదివావన్నదాన్ని బట్టి ఉంటుంది, ఆ సంగతి ముందే చూసుకో.

లెక్చరర్ కావాలనుకుంటే మైనర్ సరిపోదు, అదే సబ్జెక్టులో ఎంఏ, డిగ్రీ కాలేజీకైతే మామూలుగా నెట్ లాంటి లెక్చరర్ అర్హత పరీక్ష కూడా కావాలి. ఎంఏ సీటుకి కొన్ని యూనివర్సిటీలు ఏ డిగ్రీ అయినా ఒప్పుకుంటాయి, కొన్ని ఆ సబ్జెక్టులో ఇన్ని క్రెడిట్లుండాలంటాయి. నువ్వు వెళ్లాలనుకునే రెండు మూడు చోట్ల నోటిఫికేషన్‌లో అర్హత లైను చదువు. మీ కాలేజీ సీనియర్ మార్కుల మెమో ఒకటి తెప్పించుకుని, అందులో మైనర్ పేరు విడిగా పడిందో లేదో చూడు. పడకపోతే ఇప్పుడే ఆఫీసులో అడుగు, ఎంఏ అప్లికేషన్ వేళకి పరిగెత్తడం కంటే అది తేలిక.