డబుల్స్ బాగా ఆడుతున్నాడు... ఇంటర్ మానిపించి అకాడమీకి పంపమంటారా?

ప్రశ్న: మాది నెల్లూరు. మా అబ్బాయి పదో తరగతి చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచి టెన్నిస్ ఆడుతున్నాడు. సింగిల్స్‌లో రెండో రౌండు దాటడమే గగనం. డబుల్స్‌లో మాత్రం రాష్ట్ర స్థాయిలో తరచూ ఫైనల్‌కు వెళ్తున్నాడు. ‘వీడు డబుల్స్ ఆటగాడు, సింగిల్స్ వదిలేయించండి’ అని కోచ్ అంటున్నారు. రోహన్ బోపన్న 43 ఏళ్ల వయసులో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు కదా, డబుల్స్‌లో తొందరేమీ ఉండదని నా ఉద్దేశం. ఇంటర్ ఓపెన్ స్కూల్లో కట్టించి, ఉన్న ఇంటి స్థలం అమ్మి బెంగళూరులో ఏదైనా అకాడమీలో చేర్పిద్దామనుకుంటున్నాను. ఇంట్లో వాళ్లేమో ఆట మానిపించి ఎంపీసీ రెసిడెన్షియల్‌లో వేయమంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ప్రస్తుతానికి ఎవరి మాటా వినవద్దు. స్థలం అమ్మవద్దు, రెసిడెన్షియల్ కాలేజీలోనూ వేయవద్దు, సింగిల్స్ అసలే మానిపించవద్దు. ఎందుకంటున్నానో చెబుతాను. బోపన్న పేరు మీరే ఎత్తారు కాబట్టి అతని దగ్గరే మొదలుపెడదాం.

43 అన్న అంకె చూసి, డబుల్స్ అంటే తీరిగ్గా మొదలుపెట్టి తీరిగ్గా ఎదగవచ్చని మీరు అనుకున్నారు. అతని కెరీర్ అలా సాగలేదు. 1980 మార్చి 4న పుట్టిన బోపన్న పెరిగింది కొడగులో. కాఫీ తోటల కుటుంబం. పదకొండో ఏట రాకెట్ పట్టాడు. సర్వీసుకు భుజబలం రావాలని కట్టెలు కొట్టేవాడు, దమ్ము కోసం కాఫీ తోటల్లో పరుగెత్తేవాడు. ఆట మానేస్తున్నట్టు చెప్పిన రోజు కూడా అతను వీటినే తలచుకున్నాడు. 2002లో భారత డేవిస్ కప్ (దేశాల మధ్య జరిగే టెన్నిస్ పోటీ) జట్టులోకి వచ్చాడు, 2003లో ప్రొఫెషనల్ అయ్యాడు. సింగిల్స్‌లో అతని అత్యుత్తమ ర్యాంకు 213. అది 2007లో. అంటే తొలి వందలోకి ఎన్నడూ రాలేదు. మీ కోచ్ గారి లెక్క ప్రకారం అతను ఎప్పుడో సింగిల్స్ వదిలేయాలి. వదిలాడా?

2010 సెప్టెంబరు చూడండి. పాకిస్తాన్ ఆటగాడు ఐసాముల్ హక్ ఖురేషీతో జోడీ కట్టి యూఎస్ ఓపెన్ డబుల్స్ ఫైనల్ ఆడాడు. ప్రత్యర్థులు అమెరికా కవలలు బ్రయాన్ సోదరులు. రెండు సెట్లూ టైబ్రేక్ దాకా వెళ్లి చేజారాయి. పది రోజులైనా తిరగకముందే చెన్నైలో బ్రెజిల్‌తో డేవిస్ కప్ పోరు. తొలి రెండు మ్యాచ్‌లు ఓడిన భారత్ తేరుకుని 2-2 చేసింది. ఫలితం తేల్చే ఐదో మ్యాచ్ సింగిల్స్. కోర్టులోకి దిగింది బోపన్నే. రికార్డో మెల్లోను వరుస సెట్లలో ఓడించి భారత్‌ను డేవిస్ కప్ అగ్రశ్రేణి అయిన వరల్డ్ గ్రూప్‌లో నిలబెట్టాడు. అప్పటికి అతనికి 30 ఏళ్లు. గ్రాండ్‌స్లామ్ డబుల్స్ ఫైనల్ ఆడిన మనిషే దేశానికి సింగిల్స్ మ్యాచ్ గెలిచి పెట్టాడు. మీ అబ్బాయికి ఇంకా 15 దాటాయో లేదో, వాడిని సింగిల్స్ వదిలేయమంటున్నారు.

ఇది బోపన్న ఒక్కడి సంగతి కాదు. హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా వెళ్లింది. మణికట్టుకు, మోకాళ్లకు శస్త్రచికిత్సలు జరిగి, శరీరం ఇక సహకరించదని తేలాక 2013లో సింగిల్స్ వదిలింది. 2015 ఏప్రిల్లో డబుల్స్ నంబర్ వన్ అయింది. ఆ ఏడాదే మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్, యూఎస్ ఓపెన్ గెలిచింది. యూకీ భాంబ్రీ 2009లో ఆస్ట్రేలియన్ ఓపెన్ జూనియర్ సింగిల్స్ విజేత. సింగిల్స్‌లో 83వ ర్యాంకు దాకా వచ్చి, గాయాలతో డబుల్స్‌కు మళ్లి, 2025లో యూఎస్ ఓపెన్ సెమీఫైనల్ ఆడాడు. డబుల్స్‌లో పేరు తెచ్చుకున్న మనవాళ్లలో చాలామంది సింగిల్స్ మెట్లెక్కి వచ్చినవాళ్లే.

దీనికి కారణం ఆట నడిచే తీరులోనే ఉంది. డబుల్స్‌లో కోర్టు సగం పక్కవాడిది. మీ అబ్బాయికి బ్యాక్‌హ్యాండ్ బలహీనం అనుకోండి, తగిన వైపు నిలబడితే ఆ లోపం కనబడదు. పరుగు తక్కువైనా పక్కవాడు సర్దుకుంటాడు. జూనియర్ డబుల్స్‌లో ఒక్క గట్టి సర్వీసు, నెట్ దగ్గర కాస్త చురుకుదనం ఉంటే ఫైనల్ దాకా వెళ్లిపోవచ్చు. పెద్దల స్థాయిలో ఆ పప్పులు ఉడకవు. ఏటీపీ టూర్ (పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్) డబుల్స్‌లో 40-40 దగ్గర అడ్వాంటేజ్ ఉండదు. ఒకే ఒక్క పాయింటుతో గేము తేలిపోతుంది. పైగా ఆ పాయింటుకు సర్వీసు ఎవరు అందుకోవాలో ఎంచుకునే హక్కు అందుకునే జోడీదే. ఇద్దరిలో రిటర్న్ బాగా ఆడేవాడు ముందుకొస్తాడు. సర్వీసు చేసేవాడి భాగస్వామి నెట్ దగ్గర వీపు వెనక వేళ్లతో సైగ చేస్తాడు: దాటి వస్తానా, ఉన్నచోటే ఉంటానా అని. సర్వీసు అందుకునేవాడు బంతిని ఆ నెట్ దగ్గరివాడి చేతికి అందనీయకుండా, వాలీకి (నేలను తాకకముందే కొట్టడానికి) పరుగెత్తుకొచ్చే సర్వర్ పాదాల దగ్గర పడేటట్టు కొట్టాలి. దానికి కావలసిన చేతి నేర్పు సింగిల్స్‌లో వేల రిటర్న్‌లు ఆడితేనే వస్తుంది.

అందుకే కోచ్ గారిని ఒక్క మాట అడగండి: ‘మా వాడు సింగిల్స్‌లో రెండో రౌండులో ఎందుకు ఓడుతున్నాడు?’ బ్యాక్‌హ్యాండా, దమ్మా, ఒంటరిగా ఉన్నప్పుడు ధైర్యం సడలిపోవడమా? ఆయన దగ్గర స్పష్టమైన జవాబు ఉంటే ఏడాది పాటు దాని మీదే పని చేయించండి. ‘వాడి ఆటే అంత’ అంటే మాత్రం కోచ్‌ను మార్చడం గురించి ఆలోచించండి. నిర్మొహమాటంగా చెబుతున్నాను, ‘డబుల్స్ ఆటగాడు’ అనే మాట కొన్నిచోట్ల శిక్షణలో లోటును కప్పిపుచ్చడానికి పనికొస్తోంది.

ఇప్పుడు డబ్బు సంగతి. స్థలం అమ్ముతానన్నారు కాబట్టి ఇది వివరంగానే చెప్పాలి. 2024 జనవరి 27న మెల్‌బోర్న్‌లో జరిగిన ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ ఫైనల్లో బోపన్న, మాథ్యూ ఎబ్డెన్ జోడీ ఇటలీ ఆటగాళ్లు బొలెల్లీ, వవస్సోరీలపై 7-6, 7-5తో గెలిచింది. టైటిల్‌తో పాటు జోడీకి వచ్చిన బహుమతి 7,30,000 ఆస్ట్రేలియన్ డాలర్లు. పంచుకుంటే తలా 3,65,000. అదే టోర్నీలో సింగిల్స్ విజేతకు 31,50,000. ఇంకో అంకె చూడండి: సింగిల్స్ మెయిన్ డ్రా (అసలు పోటీ) మొదటి రౌండులోనే ఓడి ఇంటిదారి పట్టిన ఆటగాడికి 1,20,000. వరుసగా ఆరు మ్యాచ్‌లు గెలిచి ట్రోఫీ ఎత్తిన డబుల్స్ విజేత వాటాలో ఇది దాదాపు మూడో వంతు. ఆపైన కోచ్, ఫిజియో, విమానం, హోటల్, పన్ను ఉండనే ఉన్నాయి. అట్టడుగు మెట్టు ఇంకా కరుకు. మొత్తం బహుమతి 15 వేల డాలర్లు ఉండే ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) టోర్నీలో డబుల్స్ గెలిచినా జోడీకి కలిపి వెయ్యి డాలర్లు కూడా రావు. ఊరు కాని ఊరిలో వారం గడిపి, గెలిచి కూడా చేతి డబ్బు పెట్టుకుని రావలసి వస్తుంది. ఆ మెట్టు మీద ఏళ్లు గడిపేవారు ఎందరో. ఆ ఖర్చుకు స్థలం ఎన్నాళ్లు ఆగుతుందో మీరే లెక్క వేసుకోండి.

బోపన్నకు మెల్‌బోర్న్‌లో దక్కింది అతని మొదటి పురుషుల డబుల్స్ గ్రాండ్‌స్లామ్ అన్న సంగతి మరవకండి. ఇరవై మంది దాకా భాగస్వాములతో, 60కి పైగా గ్రాండ్‌స్లామ్ ప్రయత్నాల తర్వాత వచ్చింది. అంతకు ముందు 2017లో గాబ్రియెలా డబ్రోవ్‌స్కీతో ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ గెలిచాడు. మధ్యలో మోకాళ్లలో మృదులాస్థి అరిగిపోయింది, అయ్యంగార్ యోగాతో నిలదొక్కుకున్నాడు. నెలల తరబడి ఒక్క మ్యాచ్ కూడా గెలవని దశలో, ఇక చాలిస్తానని భార్యకు వీడియో సందేశం పంపానని అతనే చెప్పాడు. అలాంటి చోట ఆగిపోయినవారి పేర్లు పత్రికల్లో రావు. నంబర్ వన్ అయినవాడి వయసు 43 అని మీరు చదివారు. 28 ఏళ్లకు మానేసి వేరే ఉద్యోగం వెతుక్కున్న వాళ్ల వయసులు ఎవరూ వేయరు. బోపన్న 2025 నవంబరు 1న 45 ఏళ్ల వయసులో వీడ్కోలు చెప్పాడు. అంత దీర్ఘ ప్రయాణం అరుదు కాబట్టే అది వార్త అయింది.

ఇంతా చెప్పి ఆట మానిపించమనడం లేదు. డబుల్స్ నైపుణ్యానికి నిజంగా విలువ కట్టే చోటు ఒకటి ఉంది, మన తల్లిదండ్రులు చాలామంది అటు చూడరు. అది అమెరికా కాలేజీ టెన్నిస్. అక్కడ రెండు కాలేజీ జట్లు తలపడితే సాధారణంగా మూడు డబుల్స్, ఆరు సింగిల్స్ మ్యాచ్‌లు ఉంటాయి. మూడు డబుల్స్‌లో రెండు గెలిచిన జట్టుకు ఒక పాయింటు, ఒక్కో సింగిల్స్‌కు ఒక్కో పాయింటు. మొత్తం ఏడు. దగ్గరి పోరులో ఆ డబుల్స్ పాయింటే తీర్పు చెబుతుంది. కాబట్టి నెట్ దగ్గర చురుగ్గా ఆడే కుర్రాడంటే అక్కడి కోచ్‌లకు ఆసక్తి ఉంటుంది. అయితే ఆరు సింగిల్స్ స్థానాల్లో దేనికైనా పనికిరావాలి, మళ్లీ సింగిల్స్ దగ్గరికే వచ్చాం. కృష్ణా జిల్లా ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయంలో చదువుతూ ఆడాడు. 2014 ఆసియా క్రీడల్లో సానియాతో మిక్స్‌డ్ స్వర్ణం, 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రామ్‌కుమార్ రామనాథన్‌తో డబుల్స్ రజతం గెలిచాడు. మహేశ్ భూపతి మిసిసిపీలో, బ్రయాన్ సోదరులు స్టాన్‌ఫర్డ్‌లో కాలేజీ టెన్నిస్ ఆడినవాళ్లే. నాలుగేళ్లలో ఆట కుదిరితే టూర్‌కు వెళ్లవచ్చు, కుదరకపోతే చేతిలో డిగ్రీ ఉంటుంది. స్కాలర్‌షిప్ పూర్తిగా రాకపోవచ్చు, సగమో పావో వచ్చినా లెక్క మారిపోతుంది.

దీనికోసం ఇప్పటి నుంచే కొన్ని పనులు చూసుకోవాలి. అక్కడి కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ నిబంధనల్లో 9వ తరగతి నుంచే ఇంగ్లిషు, గణితం, సైన్సు, సామాజిక శాస్త్రాల మార్కులు లెక్కకొస్తాయి. కాబట్టి ఓపెన్ స్కూలు నిర్ణయం తీసుకునే ముందు ఆ సబ్జెక్టులు సరిపోతాయో లేదో చూసుకోండి. ఇంటర్ అయ్యాక రెండు మూడేళ్లు టోర్నీలు తిరిగి ఆ తర్వాత చేరతామంటే అర్హత కోల్పోయే ప్రమాదం ఉంది. బహుమతి సొమ్ము తీసుకోవడం గురించిన నిబంధనలు కూడా చూసుకోండి. ఈ నిబంధనలు తరచూ మారుతుంటాయి, ఏజెంట్ మాట నమ్మకుండా వాళ్ల అర్హత కేంద్రం వెబ్‌సైట్‌లో మీరే చదవండి. జూనియర్ ఐటీఎఫ్ ర్యాంకులో సింగిల్స్ పాయింట్లు పూర్తిగా, డబుల్స్ పాయింట్లు నాలుగో వంతే కలుస్తాయి. మీ వాడు ఇప్పుడు సింగిల్స్ మానితే ఆ పట్టికలో బాగా వెనకబడిపోతాడు. వచ్చే ఏడాది నుంచి ప్రతి టోర్నీలో రెండూ ఆడించండి. మ్యాచ్‌లు మొదటి నుంచి చివరి దాకా ఫోన్లో తీయించండి. మంచి షాట్లు ఏరి కూర్చిన ముక్కల కంటే పూర్తి మ్యాచ్‌నే కోచ్‌లు నమ్ముతారు.

ఇంటర్ విషయానికి వస్తే, రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారుజాము స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా పిల్లవాడు గేటు దాటడు. అందులో వేస్తే ఆట అక్కడితో సరి. నెల్లూరులోనే మధ్యాహ్నానికి వదిలేసే చిన్న కాలేజీ చూసి, ఎంపీసీ ఇష్టమైతే ఎంపీసీ, లేకపోతే ఎంఈసీ తీసుకోనివ్వండి. లెక్కలు ఉండటం మంచిది. ఇంట్లో వాళ్లకు చెప్పవలసింది ఇంతే: రెండేళ్లలో చదువు ఆగదు, రెండేళ్లకు జాతీయ స్థాయి సింగిల్స్‌లో క్రమంగా మెయిన్ డ్రాకు చేరకపోతే టూర్ ఆలోచన పక్కన పెడతాం. ఈ గడువు అబ్బాయి ముందే పెట్టండి, వాడి చాటున కాదు. బెంగళూరు అకాడమీ మీద అంత మనసుంటే వేసవి సెలవుల్లో నాలుగు వారాలు పంపి చూడండి, దానికి స్థలం అక్కర్లేదు.

ఇంకొక్క సంగతి. మీ ఉత్తరంలో అబ్బాయి జోడీ ఎవరో రాయలేదు. ఎప్పుడూ ఒకే పిల్లవాడితో ఆడుతున్నాడా? అయితే వచ్చే మూడు టోర్నీల్లో వేర్వేరు భాగస్వాములతో ఆడించి చూడండి. బోపన్న ఖురేషీతో, భూపతితో, ఎబ్డెన్‌తో, ఇంకా ఎందరితోనో ఆడి నెగ్గాడు. మీ వాడు ఎవరితో ఆడినా గెలుస్తుంటే కోచ్ గారి మాటలో బలం ఉన్నట్టు. ఒక్కడితోనే గెలుస్తుంటే, ఆ రెండో పిల్లవాడి సింగిల్స్ ఫలితాలు కూడా ఒకసారి తెప్పించుకుని చూసి, అప్పుడు మళ్లీ రాయండి.