పార్కర్‌కి షూస్ కొనేటప్పుడు ముందు సోల్ తిరగేసి చూడండి

విజయనగరంలో ఉంటూ పార్కర్ (గోడలు, మెట్లు లాంటి అడ్డంకుల మీదుగా దూకుతూ, ఎక్కుతూ చేసే సాధన) మొదలుపెట్టానని, ఎంత ఖరీదు షూస్ కొనాలో, అవి ఎక్కువ కాలం రావాలంటే ఏం చేయాలో చెప్పమని అడిగారు. ఖరీదు సంగతి పక్కన పెట్టండి. షూ చేతికి రాగానే తిరగేసి సోల్ చూడండి. మా శ్రీకాకుళంలో కుర్రాళ్లతో కలిసి సాధన చేస్తూ నేను నమ్మింది ఇదే.

మా పిన్ని కొడుకు దసరా సెలవులకి వచ్చినప్పుడు కొత్త రన్నింగ్ షూస్ వేసుకొచ్చాడు. మడమ కింద ఇంత మందాన కుషన్, మెరిసిపోయే రంగులు, మా అందరి షూస్ కలిపినా రానంత ధర. సాయంత్రం నాగావళి ఒడ్డుకి వెళ్లాం. పొద్దున్న వాన పడింది కాబట్టి పాకుడు లేని, బాగా ఆరిన పిట్టగోడలే ఎంచుకున్నాం. ఒక గోడ మీంచి ఇంకో గోడ మీదికి దూకడం వాడికి అలవాటే. దూకాడు, దూరం సరిగ్గానే అందింది. కానీ మునివేళ్ల దగ్గర ఆనాల్సిన గోడ అంచు పాదం మధ్యలో ఆనింది. కాలు సర్రున ముందుకు జారి, మోకాలి కింద ఎముక పొడుగునా గోడకి గీరుకుపోయింది. "సరిగ్గానే దిగాను కదన్నా!" అంటూ కూలబడ్డాడు. రక్తం తుడిచి, షూ విప్పి చూస్తే విషయం తెలిసిపోయింది. సోల్ ముందు ఒక రబ్బరు ముక్క, మడమ దగ్గర ఇంకో ముక్క, మధ్యలో నున్నటి గట్టి ప్లాస్టిక్ పట్టీ. గోడకి తగిలింది ఆ ప్లాస్టికే. అదే గోడ మీద అదే సాయంత్రం నా కాన్వాస్ షూస్ జారలేదు. వాటికి ముందు నుంచి మడమ దాకా ఒకటే రబ్బరు.

పాదం ముందు భాగం మీద దిగడమే పద్ధతి, నిజమే. కానీ కొత్తలో ఎవరికైనా అంచు అటూ ఇటూ అవుతుంది. అలాంటప్పుడు కాపాడేది రబ్బరే. ఆటల సామాన్లు అమ్మే డెకాథ్లాన్ కంపెనీ వాళ్ల కలెంజీ ఎకిడెన్ అనే చవక రన్నింగ్ షూని ఒకప్పుడు యూరప్‌లో పార్కర్ చేసేవాళ్లు ఏరి కొనుక్కున్నారంటే ఊరికే కాదు. తేలిక, పల్చన, గోడకి అతుక్కునే సోల్.

మందపాటి కుషన్ మీద నాకు అసలు నమ్మకం లేదు. కాలి కింద గోడ అంచు ఎక్కడుందో తెలియనివ్వదు. పైగా ఎలా దిగినా నొప్పి తెలియదు కాబట్టి మడమల మీద ధబ్బున పడే అలవాటు వస్తుంది. ఆ బరువంతా చివరికి మోకాళ్ల మీదికే పోతుంది. అందుకే మా దగ్గరికొచ్చే పిల్లలకి ముందు గడ్డి మీద, చప్పుడు కాకుండా దిగడం నేర్పిస్తాను. ఇప్పుడు చాలామంది మొదటి వారంలోనే మేడ మీంచి దూకే రీల్ తీయాలనుకుంటున్నారు. చూస్తుంటే భయమేస్తుంది. అది చూసిన పెద్దవాళ్లు మొత్తం సాధననే కోతి వేషాలంటారు. మల్లవీరుడు కోడి రామమూర్తి నాయుడు గారిని కన్న ప్రాంతం మనది. ఆయన విజయనగరంలో వ్యాయామశాల నడిపారు. ఒంటిని సానబెట్టుకోవడం మనకి కొత్త విద్యా? ఫ్రాన్స్‌లో లిస్ అనే చిన్న ఊళ్లో పార్కర్‌కి ఆద్యుడైన డేవిడ్ బెల్, అతని స్నేహితులు కూడా ఊరి గోడలు, మెట్ల మీదే సాధన చేశారు. మనకి కావాల్సింది ఓ ఖాళీ స్థలం, నాలుగు గోడలు. అవి అడిగితే మాత్రం గేటుకి తాళం వేస్తారు.

ఇక సంరక్షణ. మన దగ్గర షూస్‌ని పాడు చేసేవి దుమ్ము, తేమ, ఎండ. దుమ్ము పట్టిన సోల్‌కి పట్టు ఉండదు. మొదలుపెట్టే ముందు తడిగుడ్డతో తుడిచి, అరచేత్తో రుద్ది చూడండి, చెయ్యి ఆగాలి. కళింగపట్నం బీచ్‌కి వెళ్తే ఇసుక దులిపి, ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడగండి. తడిసినవాటిని ఎండలో పెట్టొద్దు, వేడికి జిగురు వదిలి సోల్ ఊడిపోతుంది. లోపల పాత పేపర్లు కుక్కి నీడలో, గాలి తగిలేచోట ఆరబెట్టండి. వాషింగ్ మెషీన్లో అసలు వేయొద్దు. పార్కర్ షూస్‌తో బజారుకి, కాలేజీకి తిరగడం కూడా మానండి, తారు రోడ్డు మీద రబ్బరు ఊరికే అరిగిపోతుంది. ముందు భాగంలో రబ్బరు అరిగి లోపలి ఫోమ్ కనిపించిందంటే వాటిని గోడల దగ్గరికి తీసుకెళ్లొద్దు, మామూలు వాడకానికి ఉంచుకోండి.

మీ విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల షాపుల్లో మామూలు కాన్వాస్ షూస్ అడగండి. సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి కాబట్టి సైజు సరిగ్గా తెలుస్తుంది. రోజూ వేసే సాక్స్‌తోనే తొడిగి చూడండి. మడమ లోపల కదలకూడదు, వేళ్లు నలగకూడదు. ముందు భాగాన్ని చేత్తో వంచితే తేలిగ్గా వంగాలి, షూని తడిగుడ్డలా పిండితే మాత్రం పూర్తిగా మెలితిరగకూడదు. "స్పోర్ట్స్ షూస్ అన్నీ ఒకటే బాబూ" అని షాపాయన తొందరపెడతాడు. పట్టించుకోకుండా ప్రతి జత తిరగేసి చూడండి.