కొత్త కారు నలభై దాటకూడదా?

ప్రశ్న: నేను రిటైరైన టీచర్‌ని. ఈమధ్యే పెట్రోలు కారు కొన్నాం, మాన్యువల్ గేర్లు. వెయ్యి కిలోమీటర్ల దాకా నలభై దాటొద్దని పక్కింటాయన చెబుతున్నారు. మొదట్నుంచీ గట్టిగా తోలితేనే పికప్ వస్తుందని మా అల్లుడు అంటాడు. ఇప్పటి బండ్లకు అవేమీ అక్కర్లేదని షోరూమ్‌లో చెప్పారు. కారు ఎక్కువగా ఇంటి ముందే ఉంటోంది కాబట్టి రోజూ పొద్దున పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచుతున్నాను. వచ్చే నెల తిరుమల వెళ్లాలి. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు ఆ పొద్దుటి పది నిమిషాలు రేపటి నుంచే మానేయండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు ఎక్కువ తాగుతుంది. అందులో మండకుండా మిగిలింది బోరు (పిస్టన్ పైకీ కిందికీ ఆడే గొట్టం) గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తూ, పిస్టన్ చుట్టూ ఉండే రింగుల సందుల్లోంచి కింద ఆయిల్ చాంబర్‌లోకి దిగుతుంది. నీటి ఆవిరి కూడా అక్కడికే చేరుతుంది. బండి ఓ అరగంట రోడ్డు మీద నడిస్తే ఆయిల్ బాగా వేడెక్కి ఆ పెట్రోలు, తడి చాలావరకు ఎగిరిపోతాయి. ఇంటి ముందే నిలబెట్టి ఆపేస్తే ఆయిల్‌లోనే ఉండిపోతాయి. వారానికి రెండుసార్లు బయటికి తీసుకెళ్లండి, మిగతా రోజులు ముట్టుకోకండి. కొత్త బ్యాటరీకి ఏమీ కాదు.

ఇక నలభై సంగతి. నాది విజయవాడ ఆటోనగర్‌లో ఇంజన్లు విప్పి బిగించే పని. రీబోరింగ్ (అరిగిన బోరును మళ్లీ తొలవడం) అయి వచ్చిన ఇంజన్ బ్లాకును వెలుతురులోకి తిప్పి చూస్తే బోరు లోపల సన్నటి గీతలు ఏటవాలుగా, ఒకదాన్నొకటి దాటుకుంటూ కనిపిస్తాయి. బోరును సానబట్టే హోనింగ్ రాళ్లు గీసిన గీతలవి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మీ ఇంజన్‌లోనూ ఉంటాయి, ఇంకా నున్నగా. ఆ గీతల్లో ఆయిల్ నిలుస్తుంది. గీతల మధ్య మిగిలిన మిట్టల మీద రింగు ఒరుసుకుంటూ కుదురుకుంటుంది. రింగుకు సొంత స్ప్రింగ్ బలం కొంత ఉన్నా, దాన్ని గోడకు గట్టిగా ఆనించేది పైన మండిన గ్యాసు. అది రింగు వెనక్కి చేరి బయటికి నెడుతుంది. ఇంజన్ మీద లోడు పడితేనే ఆ ఒత్తిడి వస్తుంది. ఎప్పుడూ యాక్సిలరేటర్ తాకీ తాకనట్టు నడిపితే రింగు సరిగా ఆనదు. మిట్టలు అరగకముందే గోడ మీద ఆయిల్ మాడి అద్దంలా నున్నటి పూత కడుతుంది. అలాంటి ఇంజన్ ఆయిల్ తాగుతూనే ఉంటుంది, విప్పి మళ్లీ హోనింగ్ చేయిస్తే తప్ప మానదు.

పక్కింటాయన చెప్పింది అంబాసిడర్ల కాలంలో అందరూ పాటించిన పద్ధతే. అప్పటి బోర్లు గరుకుగా ఉండేవి, ఆయిల్ కూడా ఇంత మంచిది కాదు. మీ అల్లుడు గారు లోడు కావాలనడం వరకూ నిజమే. కానీ చల్లటి ఇంజన్‌ను రెడ్‌లైన్ (ఆర్‌పీఎమ్ మీటర్‌లోని ఎర్ర గీత) దాకా గుంజితే కుదురుకోవాల్సిన రింగే గీరుకుపోతుంది. షోరూమ్ వారి మాట మాత్రం నేను ఒప్పుకోను. వారిచ్చిన మాన్యువల్లోనే రన్నింగ్-ఇన్ (కొత్త బండిని మొదట్లో జాగ్రత్తగా నడిపి కుదురుకోనివ్వడం) గురించి ఒక పేజీ ఉంటుంది, తీసి చదవండి. అందులో ఉన్నదే ఆఖరి మాట. సాధారణంగా మొదటి వెయ్యి కిలోమీటర్లు అని ఉంటుంది.

ఆ వెయ్యి పూర్తయ్యేదాకా స్పీడు మీటర్ కన్నా, ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ఆర్‌పీఎమ్ మీటర్ చూడండి. బయల్దేరాక మొదటి నాలుగైదు కిలోమీటర్లు నెమ్మదిగా పోనివ్వండి. టెంపరేచర్ ముల్లు మధ్యకొచ్చినా ఆయిల్ వేడెక్కడానికి ఇంకాస్త సమయం పడుతుంది. తర్వాత రెండువేల నుంచి మూడున్నర వేల మధ్య, ఒకసారి పెంచుతూ ఒకసారి వదులుతూ నడపండి. నాలుగు వేలు దాటొద్దు. టాప్ గేర్‌లో నలభై మీద ఈడ్చుకుంటూ పోతే ఇంజన్ గునుస్తుంది చూడండి, అది రెడ్‌లైన్ అంత చెడ్డది. ఒక గేరు దించండి.

తిరుమల ప్రయాణానికి ముందే బాపట్లకో విజయవాడకో కొన్నిసార్లు వెళ్లి రండి. కొత్త బ్రేకులు సరిగా పట్టడానికి రెండు మూడు వందల కిలోమీటర్లు కావాలి, టైర్లకూ అంతే. ఒంగోలు, నెల్లూరు మీదుగా నాయుడుపేట దాకా హైవే నున్నగా ఉంటుంది కదా అని ఒకే స్పీడులో గంటలు గంటలు పోకండి. అరవైకీ తొంభైకీ మధ్య మారుస్తూ ఉండండి.

ఘాట్ గురించి భయం వద్దు. ఎక్కేటప్పుడు రెండు, మూడు గేర్లలో ఇంజన్ హాయిగా తిరిగేలా చూసుకుంటే ఆ లోడు రింగులకు మంచిదే. దిగేది 1944 నాటి పాత రోడ్డు, మలుపులు బిగువుగా ఉంటాయి. ఎక్కేటప్పుడు ఏ గేరు వాడారో దిగేటప్పుడూ అదే వేసి యాక్సిలరేటర్ వదిలేయండి, స్పీడును ఇంజనే ఆపుతుంది. బ్రేకు మీద కాలు పెట్టుకుని దిగితే కొత్త ప్యాడ్లు మాడిన వాసన కొడతాయి.

బయల్దేరే రోజు పొద్దున, ఇంజన్ చల్లగా ఉండగా, బండి సమతలం మీద ఉంచి డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే కడ్డీ) చూడండి. తుడిచి, మళ్లీ పూర్తిగా దింపి తీయాలి. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి. మొదట్లో కాస్త తగ్గడం మామూలే. కింది గుర్తు దగ్గరికొస్తే మాన్యువల్లో రాసిన గ్రేడే పోయించండి. రన్నింగ్-ఇన్ కోసమని ఎవరైనా డబ్బా మందు అమ్మజూపితే తీసుకోకండి.

ప్రశ్న: ఎలక్ట్రిక్ కారుకు కూడా రన్నింగ్-ఇన్ చేయాలా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మోటారులో పిస్టన్లు, రింగులు ఉండవు కాబట్టి ఆ బాధ లేదు. బ్రేకులకు మాత్రం ఉంది. కాలు వదిలితే మోటారే బండిని ఆపుతుంది కనుక డిస్కుల మీద ప్యాడ్లు ఒరుసుకునేదే తక్కువ. మొదటి వారాల్లో రీజెన్ (మోటారే బండిని ఆపే ఆ ఏర్పాటు) తగ్గించి పెట్టుకుని, వెనక బండ్లేవీ లేనప్పుడు యాభై నుంచి ఇరవైకి మామూలు బ్రేకుతో కొన్నిసార్లు తగ్గించండి. ప్రతిసారీ మధ్యలో కాసేపు బండి నడవనిచ్చి డిస్కులను చల్లారనివ్వండి. వానాకాలంలో కొన్నవారైతే ఈ పని మరీ తప్పనిసరిగా చేయాలి, రెండు రోజులు కదలకపోతే డిస్కు మీద తుప్పు పొర వచ్చేస్తుంది.