తీగ లేకుండా వేల కిలోమీటర్ల దూరంలోని రేడియో టెలిస్కోపులు కలిసి ఎలా పనిచేస్తాయి?

ప్రతి రిసీవర్ పక్కనా ఉండే హైడ్రోజన్ మేజర్ అనే పరమాణు గడియారమే వాటిని కలుపుతుంది. క్వాజార్ (అతి దూరంలోని, చాలా ప్రకాశవంతమైన గెలాక్సీ కేంద్రం) నుంచి వచ్చే రేడియో తరంగం అతి బలహీనం. అందుకే మొదటి యాంప్లిఫయర్‌ను దాదాపు మైనస్ 250 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరుస్తారు, లేదంటే పరికరం సొంత రొదలోనే సిగ్నల్ మునిగిపోతుంది. తర్వాత దాన్ని అంకెలుగా మార్చి, కచ్చితమైన సమయంతో సహా రికార్డు చేస్తారు. రెండు టెలిస్కోపుల రికార్డులనూ ఒకచోట పోల్చితే తరంగం రెండోచోటికి ఎంత ఆలస్యంగా చేరిందో తేలుతుంది. 30 పికోసెకన్ల (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లో వంతు) తేడా అంటే తరంగం ప్రయాణించే దూరంలో సుమారు 9 మిల్లీమీటర్లు! అమెరికాలోని వెస్ట్‌ఫర్డ్, జర్మనీలోని వెట్‌జెల్ ఏటా దాదాపు 1.7 సెంటీమీటర్లు ఎడమవుతున్నాయని ఇలాగే కొలిచారు.

డిష్ పెద్దదైతేనే కొలత కచ్చితమని చాలామంది అనుకుంటారు. కానీ జియోడెసీ (భూమి ఆకారాన్ని, కదలికలను కొలిచే శాస్త్రం) కోసం కడుతున్న కొత్త డిష్‌లు చాలావరకు 12, 13 మీటర్లవే. అక్కడ కావాల్సింది ఆకాశంలో ఒక క్వాజార్ నుంచి మరోదానికి చకచకా తిరగడం, విశాలమైన ఫ్రీక్వెన్సీ బ్యాండ్‌ను ఒకేసారి అందుకోవడం.